రీసెట్ చేసినా దారికి రాని రూటెడ్ ఈ-రీడర్: ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

"ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను, అయినా అలాగే ఉంది." రూట్ చేసిన (అంటే కంపెనీ తాళాలు దాటి సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్న) ఈ-రీడర్ల గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది మాట ఇదే. కొందరికి లోగో దగ్గరే తిరుగుతూ ఉంటుంది. కొందరికి అంతా బాగానే తెరుచుకుంటుంది గానీ రూట్ అనుమతులు ఇచ్చే సూపర్‌యూజర్ యాప్ అక్కడే కూర్చుని ఉంటుంది, తీసేసిన స్టోర్ యాప్ మాత్రం తిరిగి రాదు. రీసెట్ పని చేయలేదనుకుని మళ్లీ కొడతారు. మూడోసారీ కొడతారు.

నిజానికి రీసెట్ తన పని తాను చేసింది. ఆండ్రాయిడ్ మీద నడిచే ఈ-రీడర్‌లో మీ యాప్‌లు, అకౌంట్లు, సెట్టింగులు డేటా అనే భాగంలో ఉంటాయి. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అనే భాగంలోనూ, పరికరాన్ని లేపే కెర్నల్ బూట్ అనే భాగంలోనూ ఉంటాయి. ఫ్యాక్టరీ రీసెట్ తుడిచేది డేటానీ, క్యాష్‌నీ మాత్రమే. రూట్ చేసినప్పుడు మనం చెయ్యి పెట్టింది సిస్టమ్‌లోనో బూట్‌లోనో. అక్కడ జరిగిన మార్పుని రీసెట్ తాకదు. ఇంతకు మించిన సిద్ధాంతం ఈ పనికి అక్కర్లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- డేటా పంపగల యూఎస్‌బీ కేబుల్. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి. ఆ కేబుల్‌తో ఏదైనా ఫోన్ నుంచి ఒక ఫోటో కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూడండి. కాపీ అయితే చాలు.
- ఏడీబీ, ఫాస్ట్‌బూట్ (కేబుల్ ద్వారా కంప్యూటర్ నుంచి పరికరానికి కమాండ్లు ఇచ్చే ప్రోగ్రాములు) ఉన్న కంప్యూటర్. గూగుల్ ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్ ప్యాకేజీలో రెండూ ఉంటాయి.
- మీ మోడల్‌కి చెందిన అసలు ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్) ఫైల్. దీని గురించి 8వ మెట్టులో వివరంగా చెప్తాను.
- రూట్ చేయడానికి ఏ పద్ధతి వాడారో దాని పేరు. గుర్తు లేకపోతే కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ వెతకండి, పాత జిప్ ఫైల్ ఏదో ఒకటి దొరుకుతుంది.
- మైక్రో ఎస్‌డీ కార్డ్ ఒకటి, అందులో మీకు కావలసినవేవీ లేకుండా.
- తీరిక. ఛార్జింగ్ సమయం కాకుండానే రెండు మూడు గంటలు పట్టొచ్చు.

అసలు పని

1. ముందు ఛార్జింగ్. ఈ-ఇంక్ తెరలు మోసం చేస్తాయి. కరెంటు లేకపోయినా చివరి బొమ్మ తెర మీద అలాగే నిలిచిపోతుంది. లోగో కనిపిస్తోంది కదా, హ్యాంగ్ అయిందనుకుంటాం. బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. బూట్‌లూప్‌లో పడిన (పూర్తిగా లేవలేక మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యే) పరికరం నిద్రపోదు కాబట్టి బ్యాటరీ గంటల్లోనే ఖాళీ అవుతుంది. గోడ ఛార్జర్‌కి పెట్టి కనీసం మూడు నాలుగు గంటలు వదిలేయండి. కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటు తక్కువ, పూర్తిగా పడిపోయిన బ్యాటరీని అది లేపలేకపోవచ్చు. ఛార్జింగ్ సగం దాటాకే మిగతా మెట్లు. ఫర్మ్‌వేర్ రాస్తున్నప్పుడు మధ్యలో బ్యాటరీ పోతే సాఫ్ట్ బ్రిక్ (బాగుచేయగల స్థితి) కాస్తా హార్డ్ బ్రిక్ (అసలు లేవని స్థితి) అవుతుంది.

2. ఎస్‌డీ కార్డ్ తీసేయండి. ఇది ఒక లైన్‌లో చెప్పి వదిలేయాల్సిన మాటే. కానీ నేనే ఒకసారి దీని దగ్గర ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. నాలుగుసార్లు రీసెట్ చేశాను, నాలుగుసార్లూ అదే పాత హోమ్‌స్క్రీన్, అవే ఐకాన్లు. అప్పుడు గుర్తొచ్చింది, లోపల కార్డ్ ఉందని, ఇన్నాళ్లూ పరికరం లేస్తున్నది దాని మీద నుంచేనని. నేను తుడుస్తున్నది లోపలి మెమరీ, చూస్తున్నది కార్డ్‌లోని సిస్టమ్. బార్న్స్ అండ్ నోబుల్ కంపెనీ నూక్ కలర్, నూక్ సింపుల్ టచ్ లాంటివి బూట్ చేయదగిన కార్డ్ కనిపిస్తే ముందు దాని నుంచే లేస్తాయి. కార్డ్ తీసి ఒకసారి ఆన్ చేసి చూడండి. కొందరి సమస్య ఇక్కడే తీరిపోతుంది.

3. బలవంతంగా రీస్టార్ట్. పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. ఐదు సెకన్లకే వదిలేయకండి. అమెజాన్ ఫైర్ టాబ్లెట్లకీ, కిండిల్‌కీ 40 సెకన్లు పట్టుకోమని కంపెనీయే చెప్తుంది. మిగతావాటికి 20 నుంచి 30 సెకన్లు పట్టుకుని చూడండి. గడియారం పెట్టుకుని లెక్కపెట్టండి, మనసులో లెక్కపెట్టే 40 నిజంగా 25 దగ్గరే ఆగుతుంది.

4. ఏ స్థితిలో ఉందో తేల్చుకోండి. కేబుల్ పెట్టి, కంప్యూటర్‌లో ఏడీబీ డివైసెస్ అనే కమాండ్ ఇవ్వండి.

- పక్కన డివైస్ అని వస్తే తలుపు తెరిచే ఉంది. చాలావరకు రీసెట్ లేకుండానే బాగుచేయొచ్చు.
- రికవరీ (మామూలు సిస్టమ్ లేవకపోయినా తెరుచుకునే మరమ్మతు మెనూ) అని వస్తే కస్టమ్ రికవరీలో, అంటే కంపెనీది కాక బయటి నుంచి ఎక్కించినదానిలో ఉన్నారు. ఇదీ మంచి చోటే.
- అన్‌ఆథరైజ్డ్ అంటే ఈ-రీడర్ తెర మీద అనుమతి అడుగుతోంది. తెర పని చేయకపోతే, ఇంతకుముందు అనుమతి ఇచ్చిన కంప్యూటర్‌తోనే ప్రయత్నించాలి.
- ఏమీ రాకపోతే ఫాస్ట్‌బూట్ డివైసెస్ ఇచ్చి చూడండి. అక్కడ కనిపిస్తే బూట్‌లోడర్ (అన్నిటికంటే ముందు లేచి సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) బతికే ఉంది.
- రెండింటిలోనూ లేకపోతే కేబుల్ మార్చండి, పోర్ట్ మార్చండి, విండోస్ అయితే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అది డ్రైవర్ సమస్య, ఈ-రీడర్ తప్పు కాదు.

ఒక హెచ్చరిక. కేబుల్ పెట్టగానే విండోస్ "ఈ డిస్క్‌ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని అడగొచ్చు. లోపలున్నవి లైనక్స్ పార్టిషన్లు (మెమరీలోని భాగాలు), విండోస్‌కి అర్థం కాక అలా అడుగుతుంది. క్యాన్సిల్ నొక్కండి. పొరపాటున ఫార్మాట్ నొక్కితే ఇక కింది మెట్లేవీ మీకు పనికిరావు.

5. బ్యాకప్. తలుపు తెరిచి ఉన్నప్పుడే తీసుకోండి. ఏడీబీ పుల్ కమాండ్‌తో ఎస్‌డీకార్డ్ ఫోల్డర్ (పేరు అదే అయినా చాలా పరికరాల్లో ఇది లోపలి మెమరీయే) మొత్తం లాగేయండి. టీడబ్ల్యూఆర్‌పీ అనే కస్టమ్ రికవరీ ఉంటే ఎంటీపీ (కేబుల్ మీద ఫైళ్లు పంపే పద్ధతి) ద్వారా మామూలు ఫోల్డర్‌లాగే కనిపిస్తుంది. కొనుక్కున్న పుస్తకాలు స్టోర్ నుంచి మళ్లీ దించుకోవచ్చు. మీరు బయటి నుంచి ఎక్కించినవి మాత్రం కాపీ ఉంటేనే దక్కుతాయి.

అందరూ మర్చిపోయేవి గీతలు, గుర్తులు, నోట్సు. చాలా యాప్‌లు వీటిని తమ సొంత డేటాబేస్‌లో దాచుకుంటాయి, రీసెట్‌తో అది పోతుంది. యాప్ తెరుచుకుంటుంటే అందులోంచే ఎక్స్‌పోర్ట్ చేయండి. కోరీడర్ అనే చదివే యాప్ వాడేవాళ్లకి ఒక సుఖం ఉంది. అది ప్రతి పుస్తకం పక్కనే ఎస్‌డీఆర్ అనే చివరతో ఒక ఫోల్డర్ పెట్టి అందులో ఆ పుస్తకం గుర్తులు రాసుకుంటుంది. పుస్తకాల ఫోల్డర్‌ని ఆ చిన్న ఫోల్డర్లతో సహా కాపీ చేస్తే ఆగిన పేజీతో సహా తిరిగొస్తుంది. "ఈ చెత్త ఫోల్డర్లేంటి" అని వాటిని తీసేసి కాపీ చేసుకున్నవాళ్లని చూశాను.

మీ మోడల్‌లో రోమ్ అనే చిన్న పార్టిషన్ ఉంటే దాని ఇమేజ్ (అచ్చుగుద్దినట్టుండే కాపీ ఫైల్) కూడా విడిగా తీసుకోండి. నూక్ సింపుల్ టచ్‌లో సీరియల్ నంబర్ లాంటి ఆ ఒక్క పరికరానికే చెందిన వివరాలు అందులో ఉంటాయి. వేరేవాళ్ల ఇమేజ్ తెచ్చి అక్కడ పెడితే మీ ఈ-రీడర్ వాళ్ల ఈ-రీడర్‌గా మారిపోతుంది. పూర్తి ఇమేజ్ తీస్తున్నట్టయితే ఒక పార్టిషన్‌ని కాదు, మొత్తం డిస్క్‌ని చదవాలి. రెండుసార్లు తీసి, రెండింటి షా-256 విలువలు (ఫైల్‌లో ఏ కొంచెం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్యలు) ఒకటేనో కాదో చూడండి. తేడా వస్తే కేబుల్‌ని అనుమానించండి.

6. రీసెట్ లేకుండా ఒక ప్రయత్నం. పాడయ్యే ముందు చివరిగా ఏం మార్చారు? చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

కొత్త యాప్ వేశాక మొదలైతే సేఫ్ మోడ్‌లో (మీరు వేసిన యాప్‌లు నడవకుండా) లేపండి. ఆండ్రాయిడ్ 4.1, ఆ తర్వాతి వెర్షన్లలో పవర్ మెనూలో పవర్ ఆఫ్ అనే మాటని నొక్కి పట్టుకుంటే అడుగుతుంది. రూట్ చేయడానికి మ్యాజిస్క్ వాడి ఉంటే సేఫ్ మోడ్‌కి ఇంకో లాభం ఉంది, అందులోకి ఒకసారి వెళ్లొస్తే మాడ్యూల్స్ (మ్యాజిస్క్‌కి జోడించే అదనపు మార్పులు) అన్నీ ఆగిపోతాయి. మాడ్యూల్ వల్ల వచ్చిన బూట్‌లూప్‌కి ఇది చాలు.

అప్‌డేట్ వచ్చాక మొదలైందా? రూట్ చేసిన పరికరం మీద కంపెనీ అప్‌డేట్ దానంతటదే దిగి, సగం ఎక్కి ఆగిపోవడం మామూలే. దానికి ఈ మెట్టులో మందు లేదు, నేరుగా 7కి వెళ్లండి.

ఇక నేను ఎక్కువగా చూసే కేసు బిల్డ్ డాట్ ప్రాప్ ఫైల్. అక్షరాలు పెద్దవిగా కనిపించాలని ఎల్‌సీడీ డెన్సిటీ అంకె మారుస్తారు, రీస్టార్ట్ చేస్తారు, ఇక లేవదు. ఇది సిస్టమ్‌లోని ఫైల్ కాబట్టి వంద రీసెట్లు చేసినా ఆ అంకె అలాగే ఉంటుంది. ఏడీబీతో ఆ ఫైల్‌ని కంప్యూటర్‌లోకి లాగి, పాత అంకె పెట్టి, తిరిగి అదే చోటికి పంపండి. ఇందులో రెండు గోతులున్నాయి. ఒకటి, పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేస్తే వరుసల చివర కనిపించని అక్షరం ఒకటి చేరవచ్చు, దాంతో విలువలు తప్పుగా చదవబడతాయి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లాంటిది వాడి, లైన్ ఎండింగ్ యునిక్స్ అని పెట్టుకోండి. రెండు, తిరిగి పంపాక ఆ ఫైల్ పర్మిషన్ 644 (యజమాని రాయొచ్చు, మిగతావాళ్లు చదవడం మాత్రమే) ఉండాలి. అంకె సరిచేసి పర్మిషన్ మర్చిపోయి, "మీరు చెప్పింది చేసినా లేవలేదు" అనేవాళ్లు చాలామంది.

రికవరీలో వైప్ క్యాష్ పార్టిషన్ ఉంటే అదీ చేసి చూడండి. మీ డేటా పోదు. పెద్ద ఆశలు మాత్రం పెట్టుకోవద్దు.

7. ఫ్యాక్టరీ రీసెట్. దీనికి ముందు మూడు పనులున్నాయి, అన్నీ పరికరం తెరుచుకుంటుంటేనే కుదిరేవి.

మొదటిది, రూట్‌ని దాని దారిలోనే తీయండి. మ్యాజిస్క్‌లో అన్‌ఇన్‌స్టాల్, సూపర్‌ఎస్‌యూలో ఫుల్ అన్‌రూట్ ఉంటాయి. రెండోది, గూగుల్ అకౌంట్ తీసేయండి. ఆండ్రాయిడ్ 5.1, ఆపై వెర్షన్లలో రికవరీ నుంచి రీసెట్ చేస్తే పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడిగే తాళం పడొచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. మూడోది, బాగా పాత మోడల్ అయితే తయారీదారు సహాయ పేజీ చూడండి. కొన్ని పాత పరికరాలకి కంపెనీలు సర్వర్ మద్దతు ఆపేశాయి. అలాంటిదాన్ని తుడిచేస్తే మళ్లీ రిజిస్టర్ కాదు. మీది ఆ కోవదైతే, ఇప్పుడు ఎంతో కొంత పని చేస్తుంటే, రీసెట్ జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక రీసెట్. తెరుచుకుంటే సెట్టింగ్స్ నుంచే చేయండి. తెరుచుకోకపోతే రికవరీ నుంచి. ఏడీబీ రీబూట్ రికవరీ కమాండ్ పని చేస్తే బటన్ల కుస్తీ తప్పుతుంది. లేదంటే పూర్తిగా ఆఫ్ చేసి పవర్‌తో పాటు ఒక వాల్యూమ్ బటన్ పట్టుకోండి, ఏ వాల్యూమ్ బటన్ అనేది మోడల్‌ని బట్టి ఉంటుంది. నూక్ కలర్, నూక్ టాబ్లెట్‌లకి పవర్, కింద ఉన్న ఎన్ బటన్ కలిపి పట్టుకోవాలి. నూక్ సింపుల్ టచ్‌కి అటూ ఇటూ ఉన్న పేజీ బటన్లలో కింది రెండూ పట్టుకుని ఆన్ చేయాలి.

టీడబ్ల్యూఆర్‌పీలో మామూలు వైప్ మీ పుస్తకాలుండే మీడియా ఫోల్డర్‌ని వదిలేస్తుంది. కంపెనీ ఇచ్చిన స్టాక్ రికవరీ దాన్ని కూడా తుడిచేస్తుంది. అడ్వాన్స్‌డ్ వైప్‌లో కనిపించిన ప్రతి గడిలో టిక్ పెట్టే అలవాటు మానుకోండి. సిస్టమ్ టిక్ చేసి ఫర్మ్‌వేర్ చేతిలో లేకపోతే లేవడానికి లోపల ఏమీ మిగలదు.

రీసెట్ తర్వాత మొదటిసారి లేవడానికి పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో పవర్ నొక్కకండి.

8. అప్పటికీ లేవకపోతే, లేదా రూట్ ఇంకా ఉంటే: అసలు ఫర్మ్‌వేర్ ఎక్కించడం. సిస్టమ్, బూట్ భాగాలని కొత్తగా రాసేది ఇదొక్కటే.

ముందు ఫైల్ సరైనదో కాదో చూసుకోండి. పేరు కలిస్తే చాలదు. నూక్ టాబ్లెట్‌నే తీసుకోండి. 8 జీబీది, 16 జీబీది బయటికి ఒకేలా ఉంటాయి. లోపల ఒకదానిలో ర్యామ్ 512 ఎంబీ, ఇంకోదానిలో 1 జీబీ. ఒకదాని కోసం చేసిన ఇమేజ్ రెండోదానికి సరిపోకపోవచ్చు. వెనక ముద్రించిన మోడల్ నంబర్ చూసి, ఫైల్ దిగాక దాని చెక్‌సమ్ (షా-256 లాంటి విలువ) ఇచ్చినచోట రాసినదానితో సరిపోల్చండి.

ఎక్కించే దారులు మూడు, మీ పరికరం దేన్ని ఒప్పుకుంటే అది.

*లోపలి కాపీ నుంచి.* కొన్ని పరికరాలు అసలు సాఫ్ట్‌వేర్ కాపీ ఒకటి లోపలే దాచుకుంటాయి. నూక్ కలర్ వరుసగా 8 సార్లు బూట్ పూర్తి చేయలేకపోతే ఆ కాపీని తనే తీసి ఎక్కించుకుంటుంది. కాబట్టి కావాలనే 8 సార్లు ఆపాలి. ఆన్ చేయండి, మొదటి అక్షరాలు తెర మీదికి రాగానే పవర్ పట్టుకుని ఆర్పేయండి, మళ్లీ ఆన్ చేయండి. కాగితం మీద గీతలు పెట్టుకోండి. మధ్యలో ఒక్కసారి పూర్తిగా లేచిందా, లెక్క మళ్లీ సున్నా నుంచి. కస్టమ్ రికవరీ లోపలే ఎక్కించి ఉంటే ఈ ఉపాయం పారదు, 8 సార్ల తర్వాత ఆ రికవరీయే తెరుచుకుంటుంది. అప్పుడు ముందు స్టాక్ రికవరీని తిరిగి పెట్టాలి. ఈ పద్ధతి సిస్టమ్‌ని మాత్రమే పాతదానికి తెస్తుంది, డేటా అలాగే ఉంటుంది. అందుకే ఇది అయ్యాక 7వ మెట్టులోని రీసెట్ మరోసారి చేయాలి. పాత సిస్టమ్ మీద కొత్త డేటా కూర్చుంటే యాప్‌లు ఒకటి తర్వాత ఒకటి ఫోర్స్ క్లోజ్ అవుతాయి.

*ఎస్‌డీ కార్డ్ నుంచి.* కార్డ్ నుంచి లేచే పరికరాలకి ఇది అన్నిటికంటే తేలిక. ఇమేజ్‌ని ఇమేజ్ రాసే ప్రోగ్రామ్‌తో కార్డ్ మీద రాయాలి, కాపీ పేస్ట్ చేస్తే లేవదు. సింపుల్ టచ్‌కి నూక్‌మేనేజర్ అనే కార్డ్ ఇమేజ్ ఉంది, రూట్ చేయడంతో పాటు బ్యాకప్, రీస్టోర్ కూడా అందులోంచే అవుతాయి. పని అయ్యాక కార్డ్ తీయడం మర్చిపోకండి (2వ మెట్టు!).

*ఫాస్ట్‌బూట్ నుంచి.* బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉండాలి. ఫర్మ్‌వేర్‌తో వచ్చిన వరుసలోనే బూట్, సిస్టమ్, రికవరీ రాయండి. ఇప్పుడున్నదానికంటే పాత వెర్షన్ రాయొద్దు. కొన్ని పరికరాల్లో వెనక్కి వెళ్లకుండా రక్షణ ఉంటుంది, వెళ్తే శాశ్వతంగా మూసుకుపోతాయి. అన్నీ అసలువే అని తేలి, ఒకసారి సరిగ్గా లేచాకే బూట్‌లోడర్ లాక్ చేయండి. మార్పులున్న సిస్టమ్ మీద తాళం వేస్తే లోపల అడుగుపెట్టనివ్వదు. లాక్ చేసినప్పుడు డేటా మరోసారి తుడిచిపెట్టుకుపోతుందని కూడా గుర్తుంచుకోండి.

9. మొదటి సెటప్. వైఫై కలిసింది, రిజిస్ట్రేషన్ మాత్రం కావట్లేదా? తేదీ చూడండి. బ్యాటరీ పూర్తిగా పోయి లేచిన పరికరం ఏ 1970లోనో ఉంటుంది. ఆ తేదీకి సర్వర్ సర్టిఫికెట్లు చెల్లవు, తెర మీద మాత్రం "నెట్‌వర్క్ లోపం" అనే వస్తుంది. సెటప్‌లో తేదీ మార్చే చోటు లేకపోతే, దాటవేసే మార్గం ఉంటే దాటేసి సెట్టింగ్స్‌లో మార్చి వెనక్కి రండి.

తేదీ సరిగ్గానే ఉంటే ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించండి. పాతవాటిలో చాలా వాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతి తెలియదు. కాబట్టి హాట్‌స్పాట్‌ని 2.4 మీద, డబ్ల్యూపీఏ2తో పెట్టండి. బ్రౌజర్‌లో లాగిన్ పేజీ తెరిచే వైఫైలు సెటప్ దశలో పని చేయవు.

నిజంగా అయిందో లేదో ఎలా తెలుస్తుంది

హోమ్‌స్క్రీన్ కనిపించగానే పండగ చేసుకోకండి. ఇవి చూడండి:

- ఏడీబీ షెల్‌లోకి వెళ్లి ఎస్‌యూ అని కొట్టండి. దొరకలేదని రావాలి. డాలర్ గుర్తు పోయి హ్యాష్ గుర్తు వచ్చిందంటే రూట్ ఇంకా ఉన్నట్టే. యాప్ ఐకాన్ లేకపోవడం రుజువు కాదు.
- ఎబౌట్‌లో వెర్షన్, సీరియల్ నంబర్ చూడండి. సీరియల్ నంబర్ పెట్టె మీదో వెనకో ఉన్నదానితో కలవాలి. సున్నాలు కనిపిస్తే రోమ్ పార్టిషన్ దెబ్బతింది, మీ బ్యాకప్ ఇమేజ్ అవసరం పడేది ఇప్పుడే.
- స్టోరేజ్ మొత్తం ఎంతుందో చూడండి. ఉండాల్సినదాంట్లో సగమే చూపిస్తుంటే వేరే మోడల్ ఇమేజ్ రాసి ఉంటారు.
- పూర్తిగా ఆఫ్ చేసి రెండుసార్లు ఆన్ చేయండి. కొన్ని లోపాలు రెండో బూట్‌లోనే బయటపడతాయి.
- వైఫై ఆపి రాత్రంతా నిద్రలో వదిలేసి, పొద్దున బ్యాటరీ చూడండి. ఈ-ఇంక్ రీడర్ అయితే ఒకటి రెండు శాతం కంటే ఎక్కువ తగ్గకూడదు. బాగా తగ్గితే లోపల ఏదో నిద్రపోనివ్వట్లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే పుస్తకాలు వెనక్కి ఎక్కించండి, అదీ కొద్దికొద్దిగా. వందల పుస్తకాలు ఒక్కసారే పడేస్తే ఇండెక్సింగ్‌తో గంటల తరబడి నత్తనడక నడుస్తుంది, పాడైన ఈపబ్ ఒకటి అందులో ఉంటే లైబ్రరీ అక్కడే ఆగిపోతుంది. ఇరవై చొప్పున ఎక్కిస్తే ఆ పాడైనదేదో వెంటనే దొరుకుతుంది.

మళ్లీ రూట్ చేసే ఉద్దేశం ఉంటే ఈ శుభ్రమైన స్థితిలోనే పూర్తి ఇమేజ్ ఒకటి తీసి, ఫైల్ పేరులో మోడల్, వెర్షన్, తేదీ రాసి పెట్టుకోండి. "బ్యాకప్ కొత్తది", "బ్యాకప్ కొత్తది 2" అని నేను పెట్టుకున్న ఫైళ్లలో ఏది దేనిదో నాకు ఈ రోజుకీ తెలియదు.